అందరూ దిద్దిన లగ్నపత్రిక

ఆ పొద్దున రాజమౌళికి ఉన్నది ఒకటే పని. చిన్నబిడ్డ ప్రాచి లగ్నపత్రికను ప్రెస్సుకు పంపి, నిమ్మళంగా టీ తాగడం. పెద్దబిడ్డ పెళ్ళికి పత్రికలో తన పేరు అడుగున పడిందని బావమరిది నర్సన్న అలిగి, భోకర్ నుంచి కదల్లేదు. పెళ్ళికూతురి గంప ఎత్తే మేనమామ లేక మండపంలో పరువు పోయినంత పనైంది. ఈసారీ తమ్ముడు రాకపోతే ఇంట్లో అన్నం దొరుకుతుంది గానీ మాట దొరకదని భార్య మంగళ ముందే చెప్పేసింది.

"ఫికర్ చెయ్యకు బాపూ," అన్నాడు కొడుకు వైభవ్. "కొత్త యాప్ అచ్చింది. పత్రిక అండ్ల పెడ్త. ఎవరి ఫోన్ల వాళ్లు చూసి, ఎవరి పేరు వాళ్లే దిద్దుకుంటరు. నీ మీద మాట రాదు."

ఆ చివరి మాట ఒక్కటే రాజమౌళి చెవికెక్కింది. సరేనన్నాడు. చుట్టాల గ్రూపులో లింకు పడింది. అయ్యో రామా, పడకపోయినా బాగుండేది!

నర్సన్న తన పేరు అందరికంటే పైకి జరిపాడు. ఉమ్రిలో ఉన్న వదిన సుమిత్రాబాయి తన భర్త పేరును ఆ పైకి తోసి, వెంటనే ఫోను చేసింది.

"ఏంది మరిదీ, ఇంటి పెద్దాయన కింద, నీ బామ్మర్ది పైన్నా? గిదేం రివాజు?"

"నేను ముట్టలేదు వదినె. అది యాప్."

"యాపైతేంది? పెద్దోళ్లెవరో తెల్వదా దానికి?"

ఆమె పెట్టేయగానే నర్సన్న. "బావా, మల్ల కిందికి తోసినవ్! గంప నేనెత్తాల్నా, యాప్ ఎత్తుతదా?"

చివరికి సుమిత్రాబాయే భర్తను 'ఆశీస్సులు' కింద పెద్ద అక్షరాల్లో కూర్చోబెట్టింది. కింద పిలిచేవాళ్ళ వరుసలో నర్సన్న పైకొచ్చాడు. ఈలోగా మిగతా చుట్టాలు మనవళ్ళ ముద్దుపేర్లతో సహా ఎక్కేశారు. ఒకాయన తన ఎరువుల దుకాణం నంబరు కూడా రాశాడు. కార్డు నిండింది. ఇక కొత్త పేరు ఎక్కాలంటే పాతది దిగాలి.

రాజమౌళికి ఓపిక అయిపోయింది. ప్రెస్సు కైలాస్‌కు ఫోను చేసి, "సాయంత్రం ఆ యాప్ల ఏముంటే గదే అచ్చెయ్యి, నన్నడగకు" అని, ఫోను బియ్యం డబ్బాలో పెట్టి పడుకున్నాడు.

మర్నాడు కట్టలొచ్చాయి. వరుడున్నాడు, వధువుంది, ఎరువుల దుకాణం ఉంది. వధువు తల్లిదండ్రులే లేరు. ప్రాచి పేరు పక్కన నర్సన్న మేనకోడలని ఉంది.

"మమ్ముల ఎవరు తీసిండ్రురా?" అని కొడుకును అడిగాడు.

"మామ తప్ప అందరు. నేను మల్ల పెట్టిన, మల్ల తీసిండ్రు."

ఫోను చేస్తే సుమిత్రాబాయి దాచలేదు. "జాగ లేదు మరిదీ. వేరేటోళ్లను తీస్తే అలుగుతరు. నువ్వు అలగవు గద!"

రాజమౌళికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అలగాలనిపించింది. పెళ్ళింట్లో అందుకు తీరికేదీ? అప్పుడే నర్సన్న కొత్త ధోతీలో దిగాడు. వస్తూనే బావను కౌగిలించుకున్నాడు.

"నీ పేరు తీస్కొని నా పేరు పైన పెట్టినవా బావా! గింత పెద్ద దిల్ ఎవరికుంటది?"

మంగళ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పబోయిన రాజమౌళి ఆమె వైపు చూసి, బావమరిది వీపు తట్టాడు. నర్సన్న కట్టలోంచి ఒక పత్రిక తీసి, పసుపు కుంకుమలు అద్ది, రెండు చేతులా అందించాడు.

"పిలిచెటోన్ని నేనే గద. మా ప్రాచి పెండ్లి, బావా. అక్కను తోల్కొని తప్పకుంట రావాలె."

రాజమౌళి పత్రికను కళ్ళకద్దుకుని, వీలు చూసుకుని వస్తానన్నాడు.