ఒక్క తుమ్ముకే అధికారం

పురపాలక సంఘం వీధికొక తుమ్ము ఉద్యోగిని వేసిన రెండో ఏడాది హైమావతికి ఉద్యోగం వచ్చింది.

పద్ధతి తేలికే. ఎవరైనా పనిమీద గడప దాటబోతే ఉద్యోగి వచ్చి ఒక్కసారి తుమ్ముతాడు. వాళ్ళు లోపలికెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఆలోచించుకుంటారు. తొందరపాటు నిర్ణయాలు తగ్గాయని సంఘం నివేదిక. నిజమే, తగ్గాయి. గవర్రాజు గారి కొత్త బట్టల కొట్టు షట్టరు సగం లేచి ఆగింది; కొనేవాళ్ళు వంగి చూసి పోతున్నారు. వార్డు అభ్యర్థి ఒకాయన నామినేషన్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని మంచినీళ్ళు తాగుతుండగానే ఎన్నికలు అయిపోయాయి.

బియస్సీ పాసైన ఇరవై రెండేళ్ళకు హైమావతికి దొరికింది పక్కవీధి బడిలో లెక్కల టీచరు పోస్టు. శనివారం పదింటిలోగా చేరకపోతే ఆర్డరు రద్దు. సోమవారం నుంచి రోజూ ఇస్త్రీ చీర కట్టుకుంది, రోజూ తుమ్ము వింది, రోజూ నీళ్ళు తాగింది. తాగాక ఏదో ఒకటి తోచేది. పిల్లలు మాట వినకపోతే? రేఖాగణితం మర్చిపోయి ఉంటే?

శుక్రవారం వీధి ఉద్యోగి సత్తిరాజును బతిమాలింది.

"ఇంకొక్కటి తుమ్మవయ్యా. జంట తుమ్ము మంచిదేగా!"

"మంచిదేనండి. నాకు ఒక్కదానికే అధికారం. రెండోది జిల్లా ఆఫీసు ఇవ్వాలండి."

"పోనీ, వెళ్ళి దరఖాస్తు పెట్టుకోనా?"

"మీరు బయల్దేరితే మళ్ళీ నేను తుమ్మాలి కదండీ," అని సత్తిరాజు నొచ్చుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రేపు సెలవు పెడతానమ్మగారూ. చేరాక ఇదే మొదటిది. తిన్నగా వెళ్ళిపోండి."

శనివారం అతను రాలేదు. తొమ్మిదింటికి హైమావతి చెప్పులేసుకుని గడప ముందు నిలబడింది. తొమ్మిదిన్నరకీ అక్కడే ఉంది.

"ఇంకా వెళ్ళలేదే?" అన్నాడు భర్త.

"ఎవరూ తుమ్మలేదండీ."

"మరీ మంచిది!"

"ఏమో. మన బాగోగులు చూసేవాళ్ళే లేరనిపిస్తోంది."

ఆయన పేపరు దించి, "అదీ నిజమేలే," అన్నాడు.

హైమావతి వంటింట్లోకెళ్ళి మిరియాల పొడి చిటికెడు పీల్చి తుమ్మింది. ప్రాణం లేచొచ్చింది. కూర్చుని మంచినీళ్ళు తాగింది. పదింటికి బడిగంట మోగింది. గ్లాసు కింద పెట్టిన చప్పుడంత దగ్గరగా వినబడింది.

సోమవారం సత్తిరాజు ఆశగా వచ్చాడు. "వెళ్ళారాండీ?"

"నువ్వు లేవు కదా, నేనే తుమ్ముకున్నానయ్యా."

సత్తిరాజు రిజిస్టరు తీసి, ఆ ఇంటి నంబరు ఎదురుగా 'ఇక ఉద్యోగి అక్కర్లేదు' అని రాసుకున్నాడు. ఆ వీధిలో అలా రాయకుండా మిగిలిన ఆఖరి ఇల్లు అదే. ఇక వేరే వీధికి బదిలీ అడగాలి. ఆఫీసుకని రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"కాసిని మంచినీళ్ళిప్పించండమ్మగారూ," అని అరుగు మీద కూర్చున్నాడు.