మాస్టారి తండ్రిగారి సైకిలు

ఆ ఆదివారం పొద్దున జానకిరామయ్య మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వినుకొండలో తమ వీధికి మొట్టమొదట సైకిలు తెచ్చింది తన తండ్రి త్యాగరాజుగారని ఊరి చేత ఒప్పించాలి. వీధివాళ్లంతా సైకిలు కథలు చెబితే పుస్తకంలో రాసి పెడతామనీ, తొలి సైకిలును వీధి రీడింగ్ రూములో నిలబెడతామనీ ఆ రూము కమిటీ పెద్ద చెంచురామయ్య మాటిచ్చాడు. పోయిన తండ్రి పేరు నలుగురి కళ్లబడే చోట ఉండాలని మాస్టారికి ఎంత ఆశంటే, బోర్డు ముందే రాయించేశారు.

సైకిలుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి అరుగు ముందు నిలబెట్టారు. పంక్చర్ల అల్లాబక్షు చక్రాలకు గాలి కొట్టి, చేతిలో పానాతో అక్కడే కూర్చున్నాడు. అతన్ని అప్పుడే పంపించేయాల్సింది.

"ఈ సైకిలుతో మీ అనుబంధం చెప్పండి," అన్నారు మాస్టారు, చుట్టూ చేరిన వీధివాళ్లతో.

"అనుబంధమంటే గుర్తొచ్చిందండీ," అన్నాడు చెంచురామయ్య. "ఆ గంట మాది. రెండ్రోజులని మీరే పట్టుకెళ్లారు. ఇరవయ్యేళ్లయింది."

"దానికేం, తీసుకో నాయనా!" అన్నారు మాస్టారు పెద్దమనసుతో. అల్లాబక్షు పానా తిప్పాడు.

ఆ పెద్దమనసే కొంప ముంచింది. ఆ వీధిలో సైకిలు సామాను కొనే అలవాటు ఎవరికీ లేదు. ఒకరి దగ్గర ఒకరు అడిగి తెచ్చుకోవడమే, తిరిగి ఇవ్వకపోవడమే.

ఎదురింటి వెంకటేశ్వరమ్మ లేచింది. "ఆ సీటు మా ఆయనది. దానిమీద కూర్చునే నన్ను పెళ్లిచూపులకొచ్చాడు."

"కథ బాగుందమ్మా, కూర్చో."

"దేనిమీద కూర్చోను? సీటివ్వండి!"

సీటు పోయింది. క్యారియరు ఒకరిది, హ్యాండిలు ఒకరిది, చక్రాలు రెండిళ్లవాళ్లవి. "పెడళ్లు మా నాయనవి సార్," అంటూ అల్లాబక్షు కూడా ఊడదీసుకున్నాడు. చివరికి దండలో ఫ్రేము ఒక్కటే మిగిలింది. మాస్టారు దాన్ని రెండు చేతులా కావలించుకున్నారు.

"ఇది మాత్రం మా నాన్నగారిదే! కాదని ఎవడంటాడో అనమనండి!"

మజ్జిగ గ్లాసులతో వచ్చిన ఆయన భార్య సీతారత్నం ఆగిపోయింది. "అదేంటండీ, మావయ్యగారి సైకిల్ని మన పెళ్లికి ముందే గేదె తొక్కేసిందిగా? ఇది మా నాన్న కొన్నది. మీరు అలకపాన్పు ఎక్కారే..."

"రత్నం, నువ్వు లోపలికెళ్లు!"

"ఎందుకెళ్లాలి? చెప్పు పిన్నీ," అని వెంకటేశ్వరమ్మ సీటు కింద పెట్టుకుని దానిమీద సర్దుకు కూర్చుంది.

"ఉంగరమిస్తామన్నా దిగలేదమ్మా. వాచీ అన్నా దిగలేదు. పులిహోర పెడితే గోడవైపు తిరిగి తిన్నారు. మా నాన్న నరసరావుపేట పరిగెత్తి సైకిలు తెచ్చాకే మంచం దిగారు. తీరా చూస్తే తొక్కడం రాదు! పెళ్లికొడుకు ఎక్కి కూర్చుంటే, ఊరంతా మా నాన్నే తోసుకుంటూ తిప్పాడు."

వీధి వీధంతా పగలబడి నవ్వింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. నలభై ఏళ్లుగా చెబుతూ చెబుతూ తన మాట తనే నమ్మేసిన మనిషి ఆయన.

"రాస్తే ఈ కథే రాయాలి!" అన్నాడు చెంచురామయ్య కళ్లు తుడుచుకుంటూ. "దీనికి గంట లేకపోతే ఎట్టా? ఒరేయ్ అల్లాబక్షూ, బిగించు!" గంట వెనకాలే సీటు, చక్రాలు, పెడళ్లు అన్నీ తిరిగొచ్చాయి.

సాయంత్రానికి సైకిలు రీడింగ్ రూముకు చేరింది. కమిటీ కొత్త బోర్డు రాయించింది: "మన వీధి అలక సైకిలు. అసలు మొదటిది త్యాగరాజుగారిది. దాన్ని గేదె తొక్కినది."

తండ్రిగారి పేరు పెద్దక్షరాల్లోనే ఉంది. అయినా అది చదివి మాస్టారు మళ్లీ అలిగారు. ఈసారి ఎవరూ ఏమీ కొనిపెట్టలేదు.