ఉమ్మడి ఇంజను

డీజిలు రాకుండా కట్టేశారు. ఇంజను ఆగలేదు. ట్యాంకు గొట్టమే పీకేశారు. ఆగకపోగా ఇంకా వేగం పుంజుకుంది. తాతల నాటి ఇనుప చక్రం గిర్రున తిరుగుతుంటే షెడ్డు రేకులు ఎగిరెగిరి పడుతున్నాయి. నల్లటి పొగలో కాలువ గట్టు కూడా కనిపించడం లేదు.

"ఎందుకు ఆగడంలేదో మీ మరిదిని అడుగు!" జయరామయ్య భార్య మాలకొండమ్మ మీద అరిచాడు.

ఆ మరిది సుకుమార్ మూరెడు దూరంలోనే ఉన్నాడు. "హ్యాండిలు తిప్పింది ఆయనే గదా వదినా, ఆయన్నే అడుగు!"

అన్నదమ్ములకు పంపకాల నాటి నుంచి మాటల్లేవు. పొలం రెండయింది, ఇల్లు రెండయింది, ఇంజను మాత్రం రెండు కాలేదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మాలకొండమ్మే మోయాలి.

నిజానికి ఆ రోజు పని చిన్నదే. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి మోటార్లు ఆగాయి. ఇద్దరి నారుమళ్ళూ నెర్రెలిచ్చాయి. పోటెక్కితే వాకాడు కాలువలోకి సముద్రపు నీరు ఎగదన్నుతుంది. ఆలోగా పాత ఇంజనుతో కాలువ నీళ్ళు తోడి ఒక తడి పెట్టాలి. నారు పోతే మళ్ళీ చల్లడానికి రెండిళ్ళలోనూ విత్తనాలు లేవు.

పొద్దున్నే సుకుమార్ ఇంజనులో ఆయిలు నింపి, "పోసినానని ఆయనకి చెప్పు వదినా" అన్నాడు. ఆమె వెళ్ళి "మీ తమ్ముడు..." అనగానే జయరామయ్య, "వాడి మాట నాకాడ ఎత్తొద్దు" అని తానూ ఒక డబ్బా ఒంపాడు. ఆ సంగతి చెబితే సుకుమార్ నవ్వాడు. "ఆయన పోసినాడంటే నేను నమ్మాలా?" అని ఇంకో డబ్బా ఒంపాడు. ఆయిలు మట్టం చూసే పుల్ల పంపకాలప్పుడే మాయమైంది. ఎవరు తీశారో ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తెలిసిన పేర్లే వేరు.

"అక్కా, పోటెక్కింది!" వల భుజానేసుకుని గట్టున వస్తున్న కామాక్షయ్య కాలువ నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు. "ఒట్టి ఉప్పు!"

"బెల్టన్నా తెగ్గొట్టండయ్యా!" అంది మాలకొండమ్మ.

"పంపు బరువు లేకపోతే చక్రం ఇంకా వేగమెక్కి ఊడొచ్చి మన నెత్తిన పడద్ది" అన్నాడు జయరామయ్య.

"అయితే గట్టు కొట్టి నీళ్ళు పక్కకి తిప్పండి."

"నా గట్టు మీద పార పడితే ఊరుకోనని చెప్పు వదినా!"

"అది వాడి గట్టు ఎప్పుడయిందో అడుగు!"

ఇద్దరూ చెరో పార పట్టుకుని గట్టుకు కాపలా కాశారు. ఉప్పునీరు ఎవరికీ అన్యాయం జరగకుండా రెండు మళ్ళలోకీ సమంగా పారింది.

మాలకొండమ్మ ఒక గోనెసంచి తడిపి, ఇంజను గాలి పీల్చే గొట్టానికి రెండు చేతులతో అదిమిపట్టింది. ఇంజను దగ్గింది, వణికింది, చచ్చింది. ఆమె అరచేతులు కమిలిపోయాయి.

వారం తిరక్కుండానే నారంతా మాడి నేలకు వాలింది. ఇంజనుకు ఏమైందో చూద్దామని కామాక్షయ్య అడుగు బోల్టు విప్పితే ఆయిలు చెంబులు చెంబులుగా కారింది.

"ఇదేందన్నా, ఇంజనుకి తలంటినారా? డీజిలు ఆపితే మాత్రం ఏమవద్ది, ఈ ఆయిలంతా తాగి తిరిగింది. ఇంత ఎవరు పోసినారు?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పంపకాల తర్వాత మొదటిసారి.

"నువ్వు పోసినట్టు నాకెవరు చెప్పినారురా?" అన్నాడు జయరామయ్య.

"చెప్పమనే చెప్పినా అన్నా. చెప్పే మనిషి గట్టిగా చెప్పొద్దా?"

"అదీ మాట."

ఎండిన గోనెసంచి మడత పెడుతున్న ఆమె తలెత్తింది.

"ఇంతకీ ఎవరన్నా?" అన్నాడు కామాక్షయ్య.

"ఇంకెవరు, మాలకొండమ్మే" అన్నాడు జయరామయ్య. తమ్ముడు తలూపాడు.

అన్నీ సగం సగం పంచుకున్న అన్నదమ్ములు, నేరాన్ని మాత్రం మొత్తం ఆమెకే ఇచ్చేశారు.