పసుపు జెండా కట్టిన ఇల్లు

వర్సితో వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. రాత్రి రైలెక్కి పొద్దున్నే జకార్తాలో దిగాలి. స్టేడియం దగ్గర్లో చవకగా రెండు గదులు చూడాలి. పదకొండింటికి బస్సు దిగే పన్నెండుమంది చుట్టాలను ఆ గదుల్లోకి చేర్చి, మూడింటికల్లా అందరితో కలిసి స్టేడియంలో కూర్చోవాలి. మూడింటికి అతని కూతురు నింగ్రుమ్ జాతీయ క్రీడోత్సవంలో మొదటిసారి బ్యాడ్మింటన్ ఆడుతోంది. "నువ్వు కనబడకపోతే నా చెయ్యి ఆడదు నాన్నా," అని ఆ పిల్ల ఫోనులో ఒక్క మాటంది. యోగ్యకర్త దగ్గర కొండ ఊళ్ళో టోఫు చేసి అమ్ముకునే మనిషికి ఆ ఒక్క మాట చాలు, ఏడు సముద్రాలైనా ఈదుతాడు.

హోటళ్ళు మాత్రం ఈదడానికి వీల్లేకుండా ఉన్నాయి. మామూలు రోజుల్లో రెండు లక్షల రుపియాలుండే గది ఆ వారం పదిహేను లక్షలు. మొదటి హోటలు గుమాస్తా ఆ మాట చెప్పగానే వర్సితో, "రెండు గదులు, వారం రోజులకా అండీ?" అని వినయంగా అడిగాడు.

"ఒక గది. ఒక రాత్రి. కిటికీ లేదు," అన్నాడు గుమాస్తా.

రెండో హోటల్లో కిటికీలున్నాయిగానీ గదులు లేవు. మూడోచోట వరసలో తన ముందువాడికి చెప్పిన ధర తన వంతు వచ్చేసరికి పెరిగింది.

"ఇప్పుడే కదండీ తక్కువ చెప్పారు?"

"అది పది నిమిషాల కిందటి ధర బాబాయ్."

బస్సెక్కి స్టేడియానికి దూరంగా ఒక పాత పేటలో దిగి, కాళ్ళీడ్చుకుంటూ సందుల్లోకి వెళ్ళి, కాఫీ బడ్డీ ముందు కూలబడ్డాడు. వెతకబోయిన తీగ అక్కడ కాలికి తగిలింది. పక్క బల్ల మీద ఒక ముసలాయన పిట్ట పంజరాన్ని ఒళ్ళో పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. ఎనభై దాటిన ఆయన్ని పేటంతా నయీం తాత అంటుంది.

"మా మేడ మీద రెండు గదులు ఖాళీరా అబ్బాయ్," అన్నాడు తాత, అతని గోడు విని. "చాపలున్నాయి. ఫ్యాను ఒకటే ఉంది, అది తిరుగుతూ పాటలు పాడుద్ది. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు. అందరికీ కలిపి రోజుకి మూడు లక్షలియ్యి."

వర్సితో ఆయన చేతులు కళ్ళకద్దుకున్నాడు. తాత ఇంటికి దారి చెప్పి, తాళంచెవి ఇచ్చి, మోటారుసైకిలు వాణ్ణి పిలిచి వెనకెక్కాడు. "ఇయ్యాల మా పిట్టకి పాటల పోటీ ఉంది. ఫోను తీసుకుపోను. అది మోగిందంటే ఇది నోరు మూసుకుంటుంది," అంటూ వెళ్ళిపోయాడు.

ఇల్లు బాగానే ఉంది. ఆ ఇంటికి చేరడమే గండం. మంచినీళ్ళ సీసాలు కొనడానికి వెళ్ళిన వర్సితో తిరిగి రావడానికి అరగంట పట్టింది, ఒకే కోళ్ళగూడు మూడుసార్లు ఎదురైంది. తనకే ఇలా ఉంటే ఆ పన్నెండుమంది ఏమైపోతారు? సంచీలో నింగ్రుమ్ క్లబ్బు జెండాలు కట్టగా ఉన్నాయి, నిండు పసుపురంగువి. సందు మొదట్లో ఒకటి, ప్రతి మలుపులో ఒకటి, తాత గేటుకి ఒకటి కట్టాడు. చుట్టాలతో వస్తున్న పెళ్ళాం తుగిరాకి ఫోను చేసి, "పసుపు జెండాలు చూసుకుంటూ వచ్చెయ్యండి," అన్నాడు. తన తెలివికి తానే కాస్త మురిసిపోయాడు కూడా.

వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే తెల్ల జెండా కడతారు. జకార్తాలో పసుపు జెండా కడతారు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఎదురింట్లో పకోడీలు వేసి అమ్ముకునే ఏనక్క గేటు వైపు చూసి, గరిటె చేత్తో పట్టుకునే పరుగున వచ్చింది.

"నయీం తాత ఇంటికేనా ఈ జెండా?"

"ఆయన ఇంటికేనండీ. మావాళ్ళంతా బయల్దేరారు, వచ్చేస్తారు."

"అయ్యో దేవుడా. ఎప్పుడు జరిగిందన్నా?"

"పొద్దున్నేనండీ. అంతా పది నిమిషాల్లో అయిపోయింది."

"బాధపడలేదు కదా?"

"లేదండీ. నవ్వుతూనే ఒప్పుకున్నారు."

ఏనక్క కళ్ళొత్తుకుంది. "పుణ్యాత్ముడు. ఇప్పుడెక్కడున్నాడు?"

"మోటారుసైకిలు మీద తీసుకెళ్ళారండీ."

ఆసుపత్రికే అయ్యుంటుందని ఏనక్క తేల్చుకుంది. గది అద్దెకిచ్చినందుకే ఇంత కదిలిపోయే మనుషులున్నారే అని వర్సితోకి జకార్తా మీద గౌరవం పెరిగింది. అరగంటలో షామియానా లేచింది. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి, నీళ్ళ గ్లాసుల పెట్టెలొచ్చాయి, ఎవరో బియ్యం మూట దింపి కన్నీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. అతను అందరికీ చేతులు జోడించి, "ఇంత శ్రమ ఎందుకండీ," అంటూనే ఉన్నాడు.

అంతలో సందు చివర డప్పు మోగింది. పసుపు చొక్కాలు వేసుకుని, తుగిరా ముందు నడుస్తుండగా పన్నెండుమందీ గెలుపు పాట పాడుకుంటూ షామియానాలోకి వచ్చారు. కుర్చీల్లోని జనం కొయ్యబారిపోయారు.

"ఆపండి," అన్నాడు వీధిపెద్ద మర్జుకీ. "మనిషి పోయిన ఇంట్లో డప్పేంటి? బుద్ధుందా మీకు?"

"ఎవరండీ పోయింది?" అన్నాడు వర్సితో.

"ఎవరేంటి? నయీం తాత."

అప్పుడే మసీదు మైకు కూడా ఆ మాటే చెప్పింది. పొద్దున వర్సితో పక్కన కాఫీ తాగిన మనిషి. తను అడక్కుండానే గదులిస్తానన్న మనిషి. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది, అది చూసి ఏనక్క మళ్ళీ మొదలుపెట్టింది. డప్పు కుర్చీ కిందకి పోయింది. పన్నెండుమందీ తలలు వంచుకుని, పోయినవారి కోసం చదవమని చేతికిచ్చిన యాసీన్ ప్రార్థన పుస్తకాలు తెరిచారు.

ఒంటిగంటయింది, రెండయింది. శవం రాలేదు. మర్జుకీ మూడు ఆసుపత్రులకు ఫోన్లు చేశాడు. ఒక పిట్ట గురించి తగువుపడి తాతతో ఆరేళ్ళుగా మాట మానేసిన ఆయన తమ్ముడు ముహిదిన్ వచ్చి గేటు పట్టుకుని బావురుమన్నాడు.

"రెండుంపావు," అంది తుగిరా గుసగుసగా. "పిల్ల వెతుక్కుంటుంది."

"ఆయన చాపల మీద పడుకుందామని వచ్చి, ఆయన్ని సాగనంపకుండా ఎలా లేస్తామే?"

"పోనీ నువ్వుండు, మేం వెళ్తాం."

"దాని చెయ్యాడాల్సింది నన్ను చూసి."

అడకత్తెరలో పోకచెక్కలా అయింది వర్సితో బతుకు. పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పక్క కుర్చీలో ఎవరో వచ్చి కూర్చుని, పంజరం కింద పెట్టి, మెల్లగా అడిగారు.

"ఎవరు పోయార్రా అబ్బాయ్?"

"మా ఇల్లుగలాయన," అన్నాడు వర్సితో తలెత్తకుండా. "బంగారంలాంటి మనిషి. ఫ్యాను పాడుద్దని కూడా దాచకుండా చెప్పాడు."

"అలాంటి ఫ్యాను నా దగ్గరా ఉంది," అంది ఆ గొంతు సానుభూతిగా.

వర్సితో తల తిప్పాడు. పుస్తకం కిందపడింది. ఏనక్క చేతిలో గ్లాసుల పళ్ళెం కూడా పడింది. ముహిదిన్ ఒక్క ఉదుటున వచ్చి అన్నని కావలించుకున్నాడు. "ఆ పిట్ట నీదే అన్నా. నేనే అబద్ధం ఆడాను."

"ఆ ముక్క మైకులో చెప్పించు," అన్నాడు తాత.

"జెండా కట్టిందెవరు?" అన్నాడు మర్జుకీ. వర్సితో లేచి జరిగిందంతా చెప్పాడు. కూతురి ఆట మూడింటికేనన్నాడు.

"నేను పోతే ఎంతమందొస్తారో చూడాలని ఇరవయ్యేళ్ళుగా కోరిక," అన్నాడు తాత, కుర్చీలన్నీ కలయజూసి. "తీరింది. రానివాళ్ళ సంగతి రేపు చూస్తాను. చచ్చి బతికినవాడి ఇల్లు కాబట్టి అద్దె మాత్రం నాలుగు లక్షలు. ముందు ఆ పిల్ల దగ్గరికి పదండి."

"క్రీడలకని సగం రోడ్లు మూసేశారు, మిగతావి బళ్ళతో కిక్కిరిసిపోయాయి తాతా. ఎలా పోయినా గంటన్నర," అన్నాడు మర్జుకీ.

"జెండాలున్నాయిగా," అంది ఏనక్క.

పసుపు జెండా పట్టిన బండికి జకార్తాలో మంత్రి కారైనా పక్కకి తప్పుకోవాల్సిందే. నలభై మోటారుసైకిళ్ళు బయల్దేరాయి. "పోయింది నేను కాబట్టి ముందు నేనే ఉంటాను," అని తాత మర్జుకీ వెనకెక్కి జెండా ఎత్తాడు. బస్సులు ఆగాయి, కార్లు పేవ్‌మెంటెక్కాయి. కూడలిలో పోలీసు ఈలవేసి అందర్నీ ఆపి, పోయినవారికి సెల్యూట్ చేశాడు. తాత తిరిగి సెల్యూట్ చేశాడు.

గదులు దొరక్క పొరుగూళ్ళవాళ్ళు రాలేదో ఏమో, స్టేడియంలో సగం సీట్లు ఖాళీ. టిక్కెట్లు అందరికీ దొరికాయి. మూడింటికి రెండు నిమిషాలుండగా నింగ్రుమ్ తలెత్తి చూసింది. పసుపు జెండాల నడుమ తండ్రి కన్నీళ్ళతో చెయ్యూపుతున్నాడు. ఆ పూట ఆమె చెయ్యి ఆడింది. పేటంతా గొంతులు పోయేలా అరిచింది, డప్పు ఏనక్క చేతికొచ్చింది.

ఓడిపోయిన అమ్మాయి జకార్తా పిల్ల. అంత తేలిగ్గా ఎలా ఓడిపోయావని విలేఖరులు అడిగితే, "ఆటంతా ఒకటే ఆలోచనండీ," అంది, "ఎవరు పోయారా అని."