ఉన్నారో లేరో చెప్పకూడదు

నిప్పు కనిపెట్టిన తర్వాత మానవజాతి సాధించిన ఘనవిజయం ఏదైనా ఉందంటే అది రోగుల హక్కులు, వైద్య గోప్యతా పరిరక్షణ చట్టమే. రోగం ఇకమీదట రోగి సొంత ఆస్తి. దానివైపు ఎవరూ కన్నెత్తి చూడరాదు. (ఒక మంత్రిగారి కాలేయం ఫొటో పేపర్లో పడ్డ వారంలోనే శాసనసభ దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. అంతకుముందు మన కాలేయాలు ఎన్ని రోడ్డున పడ్డా సభకు తీరిక చిక్కలేదు.)

ఈ చట్టం ఎంత కట్టుదిట్టమైనదో మా బావ జ్వరంతో ఆఫీసులో స్పృహతప్పి పడిపోయిన రోజు తెలిసింది. ఆఫీసువాళ్లు ఆయన్ని అంబులెన్సు ఎక్కించి అక్కకు ఫోన్ చేశారు. మేమిద్దరం పడుతూ లేస్తూ ఆసుపత్రికి వెళ్లాం. రిసెప్షన్‌లో అమ్మాయి చిరునవ్వు నవ్వింది.

"ఆయన ఇక్కడున్నారో లేరో చెప్పకూడదండీ."

"చెప్పొద్దులేమ్మా. నేను చెప్తా, నువ్వు విను చాలు. ఆయనకి పెన్సిలిన్ పడదు. ఇదివరకోసారి ప్రాణం మీదికొచ్చింది. ఆ ఒక్క ముక్క లోపల డాక్టరుగారికి చెప్పు తల్లీ," అంది అక్క.

"వింటే ఆయన ఇక్కడున్నట్టు ఒప్పుకున్నట్టే కదండీ!" ఆ పిల్ల నిజంగానే చెవులు మూసుకుంది.

నేను గొంతు పెంచాను. గోప్యతాధికారి వచ్చాడు. (ఈ ఉద్యోగానికి కావలసిన అర్హత, ఏమీ తెలియని ముఖం.)

"మీరు బయటపెడుతున్నది పేషెంటు రహస్యం. ఆయన రాతపూర్వక అనుమతి ఉందా?"

"స్పృహలో లేని మనిషి ఎలా రాసిస్తాడండీ?"

"స్పృహలో లేరన్న సంగతి మీకెవరు లీక్ చేశారు?" అన్నాడు, నావైపు అనుమానంగా చూస్తూ.

ఇంతలో అక్క ఫోన్ మోగింది. మీవారికి షుగరు బాగా పెరిగిందట, మా డైట్ ప్యాకేజీ తీసుకోండి అని ఎవరో అమ్మాయి. అదీ చట్టప్రకారమేనట. ఆసుపత్రి తన 'సేవా భాగస్వాముల'కు రోగి వివరాలన్నీ ఇవ్వవచ్చు, వేలిముద్ర ఉంటే చాలు. (వేలికి స్పృహ అక్కర్లేదు.)

రెండో ఫోన్ ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకిచ్చేవాడిది. అక్క వాడినే పట్టుకుంది.

"బాబూ, ఆయనకెలా ఉంది?"

"ఊపిరి అందట్లేదటమ్మా. ఏదో ఇంజెక్షన్ ఇచ్చాక ఒళ్లంతా దద్దుర్లట."

"నీకు పుణ్యముంటుంది నాయనా, ఆ మందు ఆపమని వాళ్లకి చెప్పు!"

"వాళ్లు మాకు చెప్పడమేగానీ, మేం వాళ్లకి చెప్పే ఏర్పాటు లేదమ్మా. సిలిండరు పెద్దది పంపమంటారా, చిన్నదా?"

నేను లోపలికి పరుగెత్తాను. 'రోగి గౌరవమే మా గౌరవం' అన్న బోర్డు కిందే సెక్యూరిటీవాళ్లు నా చొక్కా పట్టుకుని ఈడ్చేశారు. తలుపు బయటినుంచే "పెన్సిలిన్, పెన్సిలిన్" అని అరిచాను. ఎవరో లోపలినుంచి గడియ పెట్టారు.

మూడోసారి ఫోన్ చేసినవాడు మర్యాదస్తుడు. ముందు సంతాపం తెలిపి, ఆ తర్వాతే బండి ఏసీదా, మామూలుదా అని అడిగాడు.

అక్క నేలమీదే కూలబడిపోయింది. నాకు ఆ భవనం మొత్తం తగలబెట్టాలనిపించింది. అప్పుడు గోప్యతాధికారి స్వయంగా కుర్చీ తెచ్చి అక్క పక్కన వేశాడు. ఎంతో ఆదరంగా, జేబులోంచి పెన్ను తీశాడు.

"చట్టం బతికున్న పేషెంట్లకే వర్తిస్తుందమ్మా. ఇక ఏ అడ్డూ లేదు. ఇప్పుడు చెప్పండి, ఆయనకి ఏ మందు పడదన్నారు?"