ఇరవై ఆరో ర్యాంకులో సన్యాసిరావు

కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసిన వారంలోనే, గడిచిన ఐదేళ్ళూ రాష్ట్రంలో జనం సుఖపడలేదని తేలింది కనుక, పొరపాటున సుఖపడినవారి జ్ఞాపకాలను ఇంటింటికీ వచ్చి సరిచేస్తామని జీవన నాణ్యత శాఖ ప్రకటించింది.

పాత ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ జీవన నాణ్యతలో రాష్ట్రానిది దేశంలో మూడో ర్యాంకు. కొత్త ప్రభుత్వం వేసిన విచారణ సంఘం అది మూడు కాదు, ఇరవై ఆరని తేల్చింది. ఇరవై ఆరో ర్యాంకు రాష్ట్రంలో మూడో ర్యాంకు జ్ఞాపకాలు పెట్టుకు తిరగడం నిబంధనలకు విరుద్ధం. అందుకని మండలానికో సవరణాధికారిని వేశారు. ఆయన ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఏం గుర్తుందో చెప్పమంటాడు. చెప్పింది విని సరైన ర్యాంకు చదివి వినిపిస్తాడు. దాంతో జ్ఞాపకం ఆ ర్యాంకుకి దిగుతుంది.

సింగవరంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా జరిగేదే. పైగా ఈసారి వచ్చినది అంతకు ముందు ఒకసారి ఏలిన పార్టీయే. అప్పట్లో వాళ్ళది రెండో ర్యాంకు. వాళ్ళు దిగిపోయాక అది ఇరవై నాలుగైంది. ఇప్పుడు మళ్ళీ రెండుకి వచ్చింది. ఆ పాత రోజుల్ని జనం తిరిగి తీసుకోవాల్సి ఉంది. ఒకచోట పోయింది ఇంకోచోట వస్తుందిలే అని చాలామంది సర్దుకున్నారు.

మంగతాయారు పక్కింటి అప్పలనరసమ్మకి సవరణ మొదటి రోజే అయిపోయింది. పెద్దమ్మాయి పెళ్ళి గడిచిన ఐదేళ్ళలో పడింది కాబట్టి, నిక్షేపంగా జరిగిన ఆ పెళ్ళిలో మూడో పంక్తికి వాన వచ్చి ఆకులు కొట్టుకుపోయాయి. బదులుగా, అంతకు ముందు ఏలుబడిలో వచ్చిన తుపాను తీరం దాకా వచ్చి వెనక్కి మళ్ళింది.

"మా రేకులు ఎగరనేదంట టీచరమ్మా. ఎగిరినట్టు నానే తప్పుగా గురుతెట్టుకున్నానంట" అంది, గోడ మీద మోచేతులాన్చి.

ఆ రేకు మీద పడే కదా మీ ఆయన కాలు విరిగింది అని మంగతాయారు అడిగింది.

"ఇరగడం ఇరిగింది. దేనివల్ల ఇరిగిందో ఇంకా చెప్పనేదు" అంది అప్పలనరసమ్మ. ఆ మాటలో ఫిర్యాదేమీ లేదు.

మంగతాయారు ఊళ్ళో బస్టాండు ఎదురుగా టైపు నేర్పేది. టైపు మిషన్లకి కాలం చెల్లాక కూడా నాలుగు మిషన్లు ఉంచుకుని, వచ్చిన కొద్దిమందికి నేర్పుతూ ఉండేది. పెళ్ళి కాలేదు. దానికి పెద్ద కారణమేమీ లేదు. ఒక సంబంధం వాళ్ళకి నచ్చలేదు, ఒకటి ఈమెకి నచ్చలేదు, ఆ తర్వాత అడిగేవాళ్ళు మానేశారు.

ఆమె ఇన్‌స్టిట్యూటులోకి రోజంతా బస్టాండు మైకు వినిపించేది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. సాలూరు మీదుగా పార్వతీపురం వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధముగా నున్నది." ఆ గొంతు సన్యాసిరావుది. పొడుగ్గా సాగదీయకుండా, మింగేయకుండా, ప్రతి ఊరి పేరునీ ఆ ఊళ్ళో తనకు చుట్టాలున్నట్టు పలికేవాడు. పిల్లలకి తెలియకుండానే వాళ్ళ వేళ్ళు ఆ గొంతుకి లయగా ఆడేవి. ఏళ్ళ తరబడి ఆమె ఆ గొంతు వింది గానీ మనిషిని చూడలేదు. ఒక రోజు మైకులో వేరెవరో రాజాం బస్సుని తిడుతున్నట్టు పిలిచారు. పిల్లలందరూ ఒకేసారి తప్పులు కొట్టారు. మంగతాయారు రోడ్డు దాటి వెళ్ళి, రోజూ చెప్పే ఆయనకేమైందని విచారణ కిటికీ దగ్గర అడిగింది. గొంతు పోయిందన్నారు. గొంతు వచ్చాక ఆయనే ఇన్‌స్టిట్యూటు గుమ్మంలోకొచ్చి నిలబడి, తన గురించి ఇన్నేళ్ళలో ఎవరైనా అడగడం అదే మొదటిసారని చెప్పాడు. ఆయనా ఒంటరివాడే.

రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకునేసరికి ఇద్దరికీ జుట్టు నెరిసింది. సరిగ్గా అప్పుడే పాత ప్రభుత్వం గద్దెనెక్కింది. అది ఉన్నన్నాళ్ళూ సన్యాసిరావు ఉన్నాడు. ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతున్న రోజుల్లో గుండె ఆగి పోయాడు. ఆమె కాపురం మొత్తం, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా, ఒక్క ప్రభుత్వం హయాంలోనే పడింది.

సవరణాధికారి తవిటినాయుడు మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచి వచ్చాడు. పెళ్ళి రోజుతో మొదలు పెడదామన్నాడు. ఆమె చెప్పింది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద సన్యాసిరావు బస్టాండు హోటలు నుంచి తెచ్చిన లడ్డూలు పంచాడు. అవి చేతిలో ఉండగానే విడిపోయేంత మెత్తగా ఉన్నాయి. ఆయన నవ్వుతూ, వరుడు ఒకటవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధముగా నున్నాడని అందరికీ వినపడేలా ప్రకటించాడు.

తవిటినాయుడు శ్రద్ధగా విని, "ఇరవై ఆరో ర్యాంకు" అని చదివాడు.

లడ్డూలు గట్టిపడ్డాయి. ఆమె పన్నుకి నొప్పి తెలిసింది. సన్యాసిరావు మెట్ల మీద నిలబడే ఉన్నాడు గానీ, చెప్పులో రాయి పడ్డవాడిలా నవ్వుతున్నాడు. ఏదో ప్రకటించాడు, రోడ్డు మీద లారీ వెళ్ళడంతో వినపడలేదు. మంగతాయారు కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు. ఆ మెట్ల ముందు నిజంగా లారీ వెళ్ళిందేమో, తనే గమనించలేదేమో అని ఆలోచించింది. అలా ఆలోచించినందుకు భయపడింది.

తర్వాతది డాబా మీద సాయంత్రం. ఆ వేసవిలో రోజూ పొద్దు గూకే వేళకి కరెంటు పోయేది. ఇద్దరూ డాబా మీద చాప వేసుకునేవారు. ఆయన మైకు లేకుండా, ఆ వేళప్పుడు బస్టాండు నుంచి కదిలే బస్సులన్నిటినీ ఒక్కొక్కటే ఆమె కోసం పిలిచేవాడు. బొబ్బిలి, పాలకొండ, కురుపాం. ఎప్పుడో రద్దయిపోయిన బస్సుల్ని కూడా కలిపేవాడు. చుట్టుపక్కల డాబాల మీద జనం మాటలాపి వినేవారు.

తవిటినాయుడు ఇక్కడ ఆగిపోయాడు. కరెంటు పోవడం ఇరవై ఆరో ర్యాంకుకి సరిపోయింది. అందులో దిద్దడానికేమీ లేదు. కానీ ఆమె సుఖపడింది. మూడో ర్యాంకులోనైతే కరెంటు పోకూడదు, ఇరవై ఆరులోనైతే ఆమె సుఖపడకూడదు. రెండూ ఒకే డాబా మీద ఎలా ఉన్నాయో ఆయనకి అంతుపట్టలేదు.

"కరెంటు లేనప్పుడు ఆనందం ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?"

"ఆయన ఉన్నారు కదా."

"ఆయనది ఏ శాఖ?"

"బస్టాండులో అనౌన్సరు."

"అయితే రవాణా" అన్నాడు తవిటినాయుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. రవాణా కింద వచ్చిన ఆనందానికి తగ్గింపు ఎలా వెయ్యాలో నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆయన ర్యాంకు చదవడానికి గొంతు సవరించుకున్నాడు. మంగతాయారు లేచి, చదవొద్దని, తను పైఅధికారితో మాట్లాడతానని చెప్పింది. అలా అడిగే హక్కు పౌరులకుందని తవిటినాయుడే ఒప్పుకున్నాడు. మిగిలిన మంచినీళ్ళు తాగి, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.

జిల్లా కార్యాలయం వరండా జనంతో నిండి ఉంది. చాలామంది తమకి వచ్చిన మంచి రోజుల్ని తీసుకోవడానికొచ్చారు. ఆమె పక్కన కూర్చున్న ముసలాయన అంతకు ముందు ఏలుబడిలో పోయిన పంటని తిరిగి పొందాడు. ఆ ఏడు గాదె నిండిందని అందరికీ చెబుతున్నాడు. ఆ పంట పోయినందుకే ఊరు వదిలి ఇటుకల బట్టీకి వెళ్ళిన సంగతి ఆయనకి గుర్తుంది. గాదె నిండా ధాన్యం పెట్టుకుని ఎందుకెళ్ళానో అర్థం కావట్లేదని నవ్వాడు.

జాయింట్ డైరెక్టరు శేషగిరి ఆమె చెప్పింది ఓపిగ్గా విన్నాడు. ఆ సంతోషం ప్రభుత్వానిది కాదు, తన భర్తది అని ఆమె వాదన. శేషగిరి అది కొట్టిపారెయ్యలేదు. కానీ ఒక పార్టీ అధికారంలో ఉండగా రాష్ట్రంలో ఎవరికి ఏ మంచి జరిగినా అది ఆ పార్టీ ఖాతాలోకే వెళుతుందని, చెడు జరిగితే ముందు ఉన్న పార్టీ ఖాతాలోకి వెళుతుందని, భర్తల కోసం విడిగా ఖాతా లేదని వివరించాడు.

"ఒక పని చెయ్యొచ్చమ్మా. మీ కాపురాన్ని ఐదేళ్ళు వెనక్కి, మా హయాంలోకి మార్పించుకోండి. ఇప్పుడది రెండో ర్యాంకు. లడ్డూలు మీరు చెప్పిన దానికన్నా మెత్తగా ఉంటాయి."

"అప్పుడు ఆయన పోవడం కూడా వెనక్కి జరుగుతుందా?"

జరుగుతుందన్నాడు. కాపురం వెంట చావు కూడా వెళ్ళాలి. ఈ మధ్య ఐదేళ్ళూ ఆమె ఒంటరిగా ఉన్నట్టవుతుంది. పైగా ఐదేళ్ళ తర్వాత ప్రభుత్వం మారితే ఇదంతా మళ్ళీ మొదటికొస్తుందని, తనకి పదవీ విరమణ దగ్గరపడింది కాబట్టి దాచకుండా చెబుతున్నానని అన్నాడు.

 మంగతాయారు, ఏ పార్టీ ఖాతాలోకీ పోకుండా ఈ రాష్ట్రంలో ఎవరైనా ఎప్పుడైనా సుఖపడ్డారా అని అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది. శేషగిరి కళ్ళజోడు తీసి తుడిచాడు. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

చాలా ఏళ్ళ కిందట, రెండు ప్రభుత్వాల నడుమ ఒక వేసవిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, గుర్తుందా అని అడిగాడు. ముఖ్యమంత్రి లేడు. మంత్రుల్లేరు. ఆ కొద్ది నెలలకీ ఎవరూ ర్యాంకు అడగలేదు, ఎవరూ సవరించలేదు. అక్కడ పెట్టింది పెట్టినట్టు ఉంటుంది.

"ఆ వేసవిలో మీ ఆయన ఉన్నారా?"

"గొంతు ఉంది. మనిషి ఇంకా తెలీదు."

"గొంతు చాలు. గొంతున్న చోటికి మనిషిని మార్చవచ్చు. చావు మాత్రం దాని చోట అదే ఉంటుంది, ఇరవై ఆరులో."

చోటు తక్కువని ముందే హెచ్చరించాడు. కాపురమంతా పట్టదు. ఏది ముఖ్యమో ఆమే ఎంచుకోవాలి. మంగతాయారు ఆ బల్ల ముందే కూర్చుని ఎంచుకుంది. పెళ్ళి మెట్లని వదిలేసింది, అవి ఎలాగూ పాడయ్యాయి. రామతీర్థం వెళ్ళొచ్చిన రోజుని తీసుకుని, మళ్ళీ పెట్టేసింది. ఆయనకి జ్వరం వచ్చినప్పుడు తను చేసిన మిరియాల చారుని ఎంతో కష్టం మీద వదిలింది. డాబా మీద సాయంత్రాల్ని తీసుకుంది. మిగతావన్నీ తవిటినాయుడు మర్నాడు వచ్చి పూర్తిచేశాడు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. సన్యాసిరావు ఇరవై ఆరో ర్యాంకులో కూడా చెడ్డవాడేమీ కాలేదు. మాటలు తగ్గాయి, టీలో పంచదార తక్కువైందని రెండుసార్లు కసిరాడు, అంతే. చాలామంది ఆడవాళ్ళకి ఆమాత్రం మొగుడు కూడా లేడని తనకు తను చెప్పుకుంది.

ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని డాబా మీదికి వెళ్ళింది.

డాబా నిండా జనం ఉన్నారు. మొదట అడుగుపెట్టడానికి చోటు దొరకలేదు. శేషగిరి ఆ మాట ఆమె ఒక్కదానికే చెప్పలేదని అప్పుడర్థమైంది. రాష్ట్రంలో ఎవరికి వాళ్ళు తమ మంచి రోజు ఒకటి తెచ్చి ఆ వేసవిలో పెట్టుకున్నారు. పిట్టగోడ దగ్గర ఒకావిడ ఎప్పుడో పోయిన తల్లి చేత తల దువ్వించుకుంటోంది. నీళ్ళ ట్యాంకు పక్కన ఒక కుటుంబం పురిటి బిడ్డకి పేరు పెడుతోంది. వరండాలో చూసిన ముసలాయన గాదెని అవతలే వదిలి, పొలం గట్టు మీద అన్నదమ్ములతో సద్దన్నం తిన్న పొద్దునొకటి తెచ్చుకుని, ఓ మూల తింటున్నాడు. వాళ్ళందరి నడుమ, తమ చాప మీద, సన్యాసిరావు కూర్చుని ఉన్నాడు. పాలకొండ బస్సుని పిలుస్తున్నాడు. గొంతు చెక్కు చెదరలేదు.

మంగతాయారు వెళ్ళి పక్కన కూర్చుంది. కాసేపటికి చంకలో పిల్లతో ఒకావిడ వచ్చి, కొంచెం జరగమంది. ఆమె జరిగింది.

"ఆయన ఎవరమ్మా?" అని ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"మా ఆయన."

"బాగా పిలుస్తున్నారు."

అందరికీ వినిపించాలని సన్యాసిరావు గొంతు కాస్త పెంచాడు. ఒకప్పుడు ఆమె ఒక్కదానికే చెప్పేవాడు. ఇంతమందిలో అలా కుదరదని మంగతాయారుకి తెలుసు. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని విన్నది.

ఆ వేసవికి ర్యాంకు ఎంతో జీవన నాణ్యత శాఖ తర్వాత లోలోపల లెక్క కట్టిందని అంటారు. దేశంలోనే మొదటి స్థానం వచ్చిందట. ప్రకటించడానికి అప్పటి మంత్రి అంటూ ఎవరూ లేకపోవడంతో ఆ ఫైలు కదల్లేదు. ప్రభుత్వం ప్రకటించని దాన్ని నమ్మకూడదు కాబట్టి జనం కూడా నమ్మడం లేదు. సాయంత్రమయ్యేసరికి వెళ్ళి అక్కడ కూర్చుంటున్నారు, అంతే.