దీపాల వేళ రౌటరు

శుక్రవారం పొద్దున దామోదర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగి, భార్య దేవిక బీఎడ్ దరఖాస్తు ఇంటర్నెట్‌లో పంపించి, తెలంగాణ దీక్షా శిబిరంలో కాసేపు కూర్చుని, భోజనానికి ఇల్లు చేరడం. సకల జనుల సమ్మె పుణ్యమా అని కుల్చారంలోని తన ఆఫీసుకు పోయే పని లేదు. దరఖాస్తుకు గడువు ఆ సాయంత్రం ఏడింటిదాకానే. కిందటేడు "రేపు చేద్దాం తియ్యి" అంటూ గడువు దాటించిన ఘనుడు తనే కాబట్టి, ఈసారి దేవిక అతన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది.

అయితే చేతిలో కొత్త వస్తువు పడితే దామోదర్‌కు వేరే పని కనపడదు. నిన్ననే హైదరాబాద్ నుంచి రౌటరు తెచ్చాడు. ఇన్నాళ్లూ ఒక్క కంప్యూటరుకే గుచ్చిన నెట్ డాంగిల్‌ను దీనికి గుచ్చితే, ఎన్ని కంప్యూటర్లుంటే అన్నిటికీ గాలిలోంచే నెట్ వస్తుందట. ఇంట్లో ఉన్నవి రెండే. ఒకటి పనిచేసేది, ఇంకొకటి చేయనిది.

"ముందుగాల నా ఫారం పంపుండ్రి. గా డబ్బా సంగతి తర్వాత చూస్కోండ్రి," అంది దేవిక.

"డబ్బా కాదు, రౌటర్. పది నిమిషాల పని," అన్నాడు దామోదర్.

ఆ పది నిమిషాలు మధ్యాహ్నం దాకా సాగాయి. తల్లి శివమ్మ కొత్త వస్తువుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ మిరపకాయలు కట్టింది. పాస్‌వర్డ్‌గా ఏడుపాయల దుర్గమ్మ పేరే పెట్టించింది. పెట్టీ పెట్టగానే కరెంటు పోయింది. సమ్మె రోజుల కరెంటు అత్తారింటికి పోయిన అల్లుడిలాంటిది, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. సాయంత్రం ఐదింటికి వచ్చింది.

దేవిక ఫారం తెరిస్తే పేజీ మధ్యలో చక్రం తిరుగుతూ కూర్చుంది. దామోదర్ రౌటరు సెట్టింగులు తీసి చూశాడు. నెట్ వాడుకుంటున్నవాటిలో తమ కంప్యూటరు ఒకటే, మిగతావన్నీ గల్లీవి.

"అమ్మా, పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవా?"

"చెప్పకేం? పక్కింటి ఎల్లం అడిగిండు, ఎదురింటి సువర్ణ అడిగింది. తోడుకు మజ్జిగ అడిగినోళ్లకు లేదంటమా? పంచేటందుకే తెచ్చిన అంటివి గద!"

"అది మన కంప్యూటర్లకు పంచేది! ఇగ ఎవ్వరికి ఇయ్యకు, నీకు దండం పెడ్త!"

శివమ్మ మూతి ముడుచుకుంది గాని, కొడుకు మాట మనసులో పెట్టుకుంది.

పాస్‌వర్డ్ మార్చేసినా, డాంగిల్ పీకి మళ్లీ తమ కంప్యూటరుకే గుచ్చినా గొడవ వదిలిపోయేది. కానీ ఇచ్చింది వెనక్కి గుంజుకుంటే గల్లీలో పరువేం కావాలి? అందుకని దామోదర్ ఇల్లిల్లూ తిరిగి బతిమాలడానికి బయల్దేరాడు. ఆ గల్లీలో గడప తొక్కినవాణ్ణి చాయ్ తాగించకుండా పంపరు. "జర ఆగుండ్రి సారూ, పాట సగమే దిగింది," అన్నాడు ఎల్లం. సువర్ణ మక్కజొన్న గారెలు తినేదాకా కదలనివ్వలేదు. నెట్ మాత్రం ఎవరూ ఆపలేదు.

కడుపు నిండా చాయ్‌తో అతను తిరిగొచ్చేసరికి దీపాల వేళయింది. దేవిక కిందా మీదా పడి ఆఖరి పేజీకి చేరింది. ఊపిరి బిగబట్టి బటన్ నొక్కింది. అంతే, నెట్ పోయింది.

ఫ్యాను తిరుగుతోంది, కంప్యూటరు వెలుగుతోంది. రౌటరు మాత్రం ఆరిపోయింది. పక్కనే శివమ్మ ప్లగ్గు చేతబట్టుకుని నిలబడింది.

"శుక్రారం పూట దీపం పెట్టిన. ఇప్పుడు ఇంట్లకెల్లి ఏమన్న బయటికి పోతే లచ్చిమి గూడ పోతది. మజ్జిగే ఇయ్యను, నెట్టు ఇస్తనా? నువ్వే గద ఎవ్వరికి ఇయ్యకన్నవు!"

"అమ్మా, కోడలి ఫారం!"

"అది గూడ బయటికే గద పోయేది?"

దామోదర్ ప్లగ్గు కోసం చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. ఆలోచిస్తే అదీ నిజమే. గడియారం ఏడుకు దగ్గరపడుతోంది. దేవిక కళ్లలో నీళ్లు తిరిగాయి. "రెండేండ్లాయె అత్తమ్మా. ఇగ నేను టీచర్ను గానట్టే," అంది.

శివమ్మ మనసు చివుక్కుమంది. "ఉట్టిగ పోవద్దు గని, ఏమన్న లోపలికొస్తే దాని బదులు పంపొచ్చు బిడ్డా," అంది.

దామోదర్ గల్లీలోకి ఉరకబోయి, గుమ్మంలోనే ఎల్లంను గుద్దుకున్నాడు. ఎల్లం చేతిలో గిన్నె ఉంది.

"పెద్దమ్మా, నెట్టు బందయింది ఎందుకే? నిన్నటి మజ్జిగ గిన్నె గూడ తెచ్చిన. ఖాళీగ ఎట్ల ఇస్తమని జర శెనగల గుడాలు పోసినం."

శివమ్మ గిన్నె అందుకుని కళ్లకద్దుకుంది. ప్లగ్గు పెట్టింది.

నెట్ పోయిందని గల్లీ అంతా అప్పటికే కంప్యూటర్లు కట్టేసి సీరియళ్ల ముందు కూర్చుంది. దేవిక మళ్లీ నొక్కింది. చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. దరఖాస్తు అందిందని తెర మీద పడింది. దేవిక అత్తను వాటేసుకుని ఏడుస్తూ నవ్వింది.

"చూసినవా నా రౌటరు!" అన్నాడు దామోదర్.

"చూసిన. అత్తమ్మ పీకిన ప్లగ్గు గూడ చూసిన."

మర్నాటి నుంచే ఆ ఇంటికి గుడాలు, గారెలు, పచ్చిపులుసు రావడం మొదలైంది. పాస్‌వర్డ్ ఇప్పటికీ దుర్గమ్మ పేరే. గిన్నె ఖాళీగా వస్తే మాత్రం పనిచేయదు.